డాక్టరుకు చెప్పని చెంచాడు పొడి

యాదగిరిగుట్టలో మాకు తెలిసిన కుటుంబం ఒకటి ఉంది. ఆ ఇంటి పెద్దాయన పదేళ్లుగా చక్కెర వ్యాధికి గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వాడుతున్నారు. దగ్గరి బంధువు ఒకరు ప్రేమతో పొడపత్రి, కాకర, నేరేడు గింజల పొడి తెచ్చి ఇచ్చారు. రోజూ పరగడుపున చెంచాడు చొప్పున మొదలైంది. రెండు వారాల తర్వాత ఒక ఉదయం పొడి, మాత్ర రెండూ వేసుకున్నారు. నాష్తా ఆలస్యమైంది. ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. పక్షవాతమేమోనని అందరూ హడలిపోయారు. కోడలు గ్లూకోమీటరుతో చూస్తే చక్కెర 52. వెంటనే చక్కెర నీళ్లు తాగించి ఆసుపత్రికి తీసుకెళ్లారు. "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని డాక్టరు అడిగితే, "మందులేం లేవు సార్, పొడి మాత్రమే" అన్నారట.

పొడి మందు కాదనే ఈ నమ్మకమే ప్రమాదానికి మూలం. మూలికలకు శక్తి లేదని మేము అనడం లేదు. శక్తి ఉంది కనుకనే జాగ్రత్త కావాలంటున్నాం. ఈనాడు కోట్లమంది వాడుతున్న మెట్‌ఫార్మిన్‌కు మూలం గలీగా అనే ఐరోపా మొక్కలోని పదార్థమే. 1957లో ఫ్రెంచి వైద్యుడు జాన్ స్టెర్న్ దానిని మధుమేహానికి ప్రయోగించి చూపారు. చక్కెర మాత్రతోపాటు కాకరకాయ కూర తిన్న ఒక మహిళ అనుభవాన్ని 1979లోనే లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది.

గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు మనం తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. వాటికి పొడి కూడా తోడైతే చక్కెర హద్దు మీరి పడిపోవచ్చు. ఇన్సులిన్ సూదులు తీసుకునేవారికీ ఇదే ప్రమాదం. వారానికోసారి వండుకునే కాకరకాయ కూరకు, రోజూ మింగే గాఢమైన పొడికి తేడా ఉంది.

రెండో పొరపాటు ఇంతకన్నా పెద్దది. పొడి మొదలుపెట్టి, డాక్టరు రాసిన మాత్రలు మానేయడం. నొప్పి తెలియకుండానే చక్కెర పెరిగి కళ్లను, మూత్రపిండాలను, పాదాలను దెబ్బతీస్తుంది. చిన్ననాటి నుంచి ఇన్సులిన్‌పైనే ఆధారపడినవారు దానిని ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

పొట్లంలో ఏముందో తెలియకపోవడం మూడో చిక్కు. 2008లో సింగపూర్‌లో నకిలీ మందులు, మూలికల పేరిట అమ్మిన గుళికలు మింగి 150 మంది చక్కెర పడిపోయి ఆసుపత్రి పాలయ్యారు. నలుగురు మరణించారు. వాటిలో గ్లిబెన్‌క్లమైడ్ కలిపి ఉన్నట్టు తేలింది. కరోనా కాలంలో తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్లు ముంబయి వైద్యులు గుర్తించారు. మధుమేహాన్ని నయం చేస్తామని ప్రకటించడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. "పూర్తిగా నయం" అన్న ప్రకటన కనబడితే, అమ్మేవారిని నమ్మకపోవడానికి అదొక్కటే చాలు.

మన ఇళ్లలో కలోంజీకి గౌరవస్థానం ఉంది. ఆ గౌరవం అలాగే ఉండనివ్వండి. కానీ మాత్ర స్థానంలో దానిని పెట్టకండి. వైద్యం తెలియకుండా వైద్యానికి పూనుకున్నవాడు కలిగిన నష్టానికి బాధ్యుడని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ప్రేమతో పొట్లం అందించే బంధువులమైన మనకూ ఈ మాట వర్తిస్తుంది.

మరి ఏం చేయాలి? పొడి పొట్లాన్ని, మాత్రల చీటీని కలిపి డాక్టరు ముందు పెట్టండి. మూలికా వైద్యమే కావాలంటే చార్మినార్ దగ్గరి ప్రభుత్వ నిజామియా యునానీ ఆసుపత్రి వంటి చోట అర్హత గల హకీంను కలవండి. ఆయనకూ మాత్రల పేర్లు చెప్పండి. గుట్ట ప్రాంతం వారికి బీబీనగర్ ఎయిమ్స్ దూరమేమీ కాదు. కొత్తది ఏది మొదలుపెట్టినా చక్కెరను తరచుగా పరీక్షించుకోండి. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ చేయించుకోండి. రమజాన్‌కు ముందు మోతాదుల గురించి అడిగేటప్పుడు పొడి సంగతి కూడా చెప్పండి.

చక్కెర 70 కన్నా తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. తేరుకున్నా వైద్యునికి చూపించండి, కొన్ని మాత్రల ప్రభావం రోజంతా ఉంటుంది.

ఆ పెద్దాయన ఇప్పుడు కులాసాగా ఉన్నారు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు కోడలు ఆయన సంచిలో మాత్రల చీటీతోపాటు ఇంట్లో వాడే పొట్లాలన్నీ పెట్టి పంపుతోంది.