ఉపయుక్త గ్రంథసూచిలో పద్దు వ్రాయు పద్ధతి

విశ్వవిద్యాలయమునకు సమర్పించు ప్రతి సిద్ధాంత వ్యాసము చివరను, పరిశోధన పత్రికలలోని ప్రతి వ్యాసము చివరను ఒక పట్టిక ఉండును. దానిని ఉపయుక్త గ్రంథసూచి అందురు. సామాన్య పాఠకుడు అక్కడికి రాకముందే పుస్తకము మూసివేయును. వ్రాసిన విద్యార్థి గడువు ముంచుకొనివచ్చిన రాత్రి తొందరతొందరగా దానిని ముగించును. ఇట్లు ఇరువురి నిర్లక్ష్యమునకును గురియైన ఆ పట్టికను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి. మన యిండ్లలో పై చదువులు చదువు పిల్లలు నేడు పెక్కుమంది కలరు. వారికిది అక్కరకు రాగలదని మా తలంపు.

పద్దు అనగా ఒక చిరునామా. జాబుపై ఊరు వ్రాసి వీధి మరచినచో తపాలా బంట్రోతు ఏమి చేయగలడు? వ్యాసములో ‘ఫలానావారు ఇట్లు చెప్పిరి’ అని మనము వ్రాసినపుడు, ఆ మాట నిజమో కాదో చూడగోరువాడు మన సాయము లేకయే మూలగ్రంథములోని ఆ పుటను చేరుకొనవలెను. వాడు మన యూరివాడు కాకపోవచ్చును, మన కాలపువాడును కాకపోవచ్చును. అట్టి అపరిచితునకు దారి చూపునదే పద్దు. ఎవరు వ్రాసిరి, ఎప్పుడు వెలువడినది, దాని పేరేమి, ఎక్కడ దొరకును అను నాలుగు ప్రశ్నలకు అది సమాధానము.

ఉదాహరణమునకు మన తెలుగువారి పద్దునే ఒకదానిని చూతము. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కె అను ఆచార్యునితో కలిసి, రక్తము మొదలగు వానిలో భాస్వర మెంత యున్నదో రంగు గాఢతనుబట్టి కనుగొను పద్ధతిని రూపొందించిరి. ఆ పద్ధతి నేటికిని వారిద్దరి పేర్లతోనే ప్రయోగశాలలలో వాడుకలో నున్నది. దానిని వెల్లడించిన వ్యాసమునకు పద్దు ఇట్లుండును:

ఫిస్కె, సి. హెచ్., సుబ్బారావు, వై. (1925). ది కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్. జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ, 66, 375–400.

ఇందు మొదట కర్తల పేర్లు, పిదప కుండలీకరణములలో సంవత్సరము, తరువాత వ్యాసము పేరు, ఆపైన అది వెలువడిన పత్రిక పేరు కలవు. 66 అనునది పత్రిక సంపుటము సంఖ్య. 375 మొదలు 400 వరకు గలవి పుటలు. అచ్చులో పత్రిక పేరును వాలు అక్షరములతో నింతురు. గ్రంథాలయములో బీరువా నుండి దింపవలసినది పత్రికయే గాని వ్యాసము కాదు గనుక, కంటికి ముందుగా కనబడవలసినది ఆ పేరే.

గ్రంథమైనచో పత్రిక పేరుండదు. దాని స్థానమున ప్రకాశకుల పేరు వచ్చును. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి ‘ఇండియన్ ఫిలాసఫీ’ రెండు సంపుటములు. లండనులోని జార్జ్ అలెన్ అండ్ అన్విన్ వారు మొదటి దానిని 1923లోను, రెండవ దానిని 1927లోను ప్రకటించిరి. సంపుటము సంఖ్య వ్రాయక ‘ఇండియన్ ఫిలాసఫీ, 200వ పుట’ అని మాత్రము వ్రాసినచో, పాఠకుడు రెండు గ్రంథములును తిరగవేయవలసి వచ్చును. ఒక్క అంకె మరచినందులకు ఇంత శ్రమ!

ఇక ఈ అంగముల వరుసను గూర్చి. కర్త పేరును, సంవత్సరమును జోడించి ఆధారమును చూపు ఆచారమునకు 1881లో హార్వర్డులోని జంతుశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ ఒక నత్తజాతి జీవిని గూర్చి ప్రకటించిన వ్యాసమును మొదటి ఉదాహరణముగా చెప్పుదురు. షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయము వారు 1906లో తమ నియమావళిని అచ్చువేసిరి. అమెరికా మనస్తత్వశాస్త్ర సంఘము వారి నియమములు 1929లో కేవలము ఏడు పుటలుగా వెలువడి, క్రమముగా పెద్ద గ్రంథమైనవి. దాని ఏడవ కూర్పు 2019లో వచ్చినది. వైద్య పత్రికల సంపాదకులు కొందరు 1978లో కెనడాలోని వాంకూవరు నగరమున సమావేశమై మరియొక పద్ధతిని నిర్ణయించిరి. అందు పద్దులకు అకారాది క్రమము లేదు. వ్యాసములో ఏది ముందు ప్రస్తావింపబడునో అది ఒకటవ సంఖ్య. మరియొక పద్ధతిలో సంవత్సరము కర్త వెంట రాక పద్దు చివరి వైపునకు జరుగును. మనస్తత్వశాస్త్ర సంఘము వారు తమ ఏడవ కూర్పులో ప్రచురణ స్థలమును వ్రాయనక్కరలేదనిరి. పూర్వము వారే దానిని కోరియుండిరి.

వీనిలో ఏది మేలని కొందరు అడుగుదురు. మీ విశ్వవిద్యాలయమో, మీరు పంపు పత్రికయో కోరినదే మేలు. కాని ఒక పట్టికలో ఒక్క పద్ధతియే యుండవలెను. కామా ఎక్కడ, చుక్క ఎక్కడ అనునది ఆచారమే కావచ్చును. కాని ఆ ఆచారము నిలుకడగా నున్నపుడే, పాఠకుడు ఏ అంకె సంపుటమో ఏ అంకె పుటయో ఒక్క చూపులో పోల్చుకొనును.

ఈ నియమములు పాశ్చాత్యుల పేర్లను మనసున నుంచుకొని ఏర్పడినవి. వారికి ఇంటిపేరు చివర నుండును. దానిని ముందునకు తెచ్చి కామా పెట్టి, తక్కిన పేరును పొడి అక్షరములుగా వ్రాయుదురు. తెలుగువారికి ఇంటిపేరు మొదటనే యున్నది. యల్లాప్రగడ ఇంటిపేరు, సుబ్బారావు పెట్టిన పేరు. లోకము మాత్రము చివరి మాటను ఇంటిపేరుగా నెంచి వారిని ‘సుబ్బారావు, వై.’ అని పట్టికల కెక్కించినది. రాధాకృష్ణన్ గారి పేరు ముందున్న ‘ఎస్’ సర్వేపల్లి, అదియు ఇంటిపేరే. గ్రంథాలయ శాస్త్రాచార్యులైన ఎస్. ఆర్. రంగనాథన్ గారి పేరులో ‘ఎస్’ శియాలి యను ఊరు, ‘ఆర్’ తండ్రియైన రామామృతము. తమిళదేశమున ఇంటిపేరే లేదు. ఇట్లు ఒకే తీరుగా కనబడు పొడి అక్షరముల వెనుక ఒకచోట వంశము, ఒకచోట ఊరు, ఒకచోట తండ్రి దాగియున్నారు.

ఇందువలన కలుగు చిక్కు చిన్నది కాదు. తెలుగుదేశమున ‘సుబ్బారావు, వై.’ లెందరో! ఇంటిపేరే మనలో ఒకరిని మరియొకరి నుండి వేరుచేయునది. దానినే ఒక్క అక్షరముగా కుదించినచో ఒకరి పరిశ్రమ మరియొకరి ఖాతాలో పడును. ఉద్యోగములు, పదోన్నతులు పరిశోధన వ్యాసముల లెక్కపై ఆధారపడు ఈ కాలమున అది కేవలము అక్షరముల తగవు కాదు. కనుక తెలుగు గ్రంథముల పట్టికలో కర్త పేరును పూర్తిగా వ్రాయుట ఉత్తమము. ‘సురవరం ప్రతాపరెడ్డి (1949). ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ అని వ్రాసినచో పేరు తలక్రిందులు చేయు పనిలేదు, కామాతోను పనిలేదు. ఆంగ్ల పట్టికలో మాత్రము ఆ రచయిత తన వ్యాసములపై ఏ రూపమున పేరు వేసికొనెనో ఆ రూపమునే పాటింపవలెను. క్రొత్తగా వ్రాయువారు మొదటి వ్యాసమునందే ఒక రూపము నిర్ణయించుకొని, జీవితాంతము దానినే వాడుట మంచిది. ఒకే పేరుగల వారిని వేరుచేయుటకు ప్రతి పరిశోధకునికి పదునారు స్థానముల గుర్తింపు సంఖ్య నొసగు ఏర్పాటు కూడ 2012 నుండి అమలులో నున్నది. దానిని ‘ఆర్కిడ్’ అందురు.

సంవత్సరము విషయమునను మనకొక ప్రత్యేకమైన చిక్కు కలదు. పాత తెలుగు గ్రంథములు కొన్నింటిపై ‘శుభకృత్’ వంటి సంవత్సర నామము మాత్రమే యుండును. ఆ పేరు అరువది యేండ్లకొకసారి తిరిగివచ్చును. 1902లో ఉగాదికి వచ్చినదియు శుభకృత్తే, 1962లోను, 2022లోను వచ్చినవియు శుభకృత్తులే. పీఠికనో, ముద్రణాలయమునో బట్టి ఏది అగునో తేల్చుకొని వ్రాయవలెను. శకవర్ష మున్నచో 78 కలుపవలెను, జనవరి నుండి ఉగాది వరకు గల దినములకైనచో 79. మరియు తాము చదివిన కూర్పు ఏదో చెప్పవలెను. కూర్పు మారిన పుటల సంఖ్య మారును.

ఇంతవరకు చెప్పినది రూపమును గూర్చి. అసలు ప్రమాదము వేరొకచోట నున్నది. ఒకరి పట్టికను చూచి మరియొకరు ఎత్తివ్రాయుటయే ఆ ప్రమాదము. సిమ్కిన్, రాయ్‌చౌధురి అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఒక ప్రసిద్ధ భౌతికశాస్త్ర వ్యాసమును పేర్కొన్న సుమారు 4,300 పద్దులను పరీక్షించి 2003లో ఫలితములు ప్రకటించిరి. వానిలో 196 తప్పులు కనబడినవి. కాని అవి 196 వేర్వేరు తప్పులు కావు, 45 తీరులు మాత్రమే. పుట సంఖ్యలోని ఒకే తప్పు 78 పర్యాయములు వచ్చినది! అంతమంది విడివిడిగా అదే తప్పు చేయుట సాధ్యము కాదు గదా. పేర్కొన్నవారిలో మూలమును చదివినవారు నూటికి ఇరువదిమంది యుందురని వారు అంచనా వేసిరి.

ఇంతకన్న విచిత్రమైన దొకటి 2017లో బయటపడినది. ఒక ప్రకాశక సంస్థ పద్దు ఎట్లు వ్రాయవలెనో రచయితలకు చూపుటకై, వాండర్ గీర్ మొదలగువారు 2000లో వ్రాసినట్లుగా ఒక మాదిరి పద్దును కల్పించినది. వ్యాసము పేరు ‘శాస్త్రీయ వ్యాసరచన కళ’ అని అర్థమిచ్చునది. అట్టి వ్యాసమే లేదు. అయినను దాదాపు 400 వ్యాసములలో అది నిజమైన ఆధారముగా చోటు సంపాదించినది. నేడు అడిగిన వెంటనే గ్రంథసూచి అల్లి యిచ్చు యంత్రములును వచ్చినవి. అవి యిచ్చు పద్దులలో చుక్కలు, కామాలు తప్పకుండనే, లేని గ్రంథములు ఉన్నవానివలె కనబడుట కద్దు. రూపము చక్కగా నున్నంత మాత్రమున పద్దు నిజము కాదు.

తుదకు మా యింటి సంగతి. రేడియో ప్రసంగమును ఆధారముగా చూపవచ్చునా? నిస్సందేహముగా చూపవచ్చును. వక్త పేరు, ప్రసారమైన తేదీ, ప్రసంగము పేరు, ‘రేడియో ప్రసంగము’ అను మాట, ప్రసారము చేసిన కేంద్రము పేరు ఈ వరుసలో వ్రాయవలెను. ప్రసంగపాఠము పత్రికలో అచ్చయినచో, వినినదానికి బదులు అచ్చయిన దానికే పద్దు వ్రాయుట మేలు. గాలిలో కలిసిన మాటను పాఠకుడు వెదకలేడు, పుటను వెదకగలడు.

విద్యార్థులకు మా సలహా మూడు మాటలలో ముగియును. గ్రంథము చేతిలో నుండగానే, అట్టను చూచి కాక లోపలి ముఖపత్రమును, దాని వెనుక పుటను చూచి, పద్దును ఒక చీటిపై వ్రాసికొనుడు. తాము చూడని గ్రంథమును చూచినట్లు వ్రాయకుడు. ఒకరి గ్రంథములో ఉదహరింపబడినదానిని గ్రహించినచో ఆ సంగతి స్పష్టముగా చెప్పుడు. వ్యాసమును అచ్చునకు పంపుటకు ముందు ఒక మిత్రుని చేతికి పట్టిక నిచ్చి, ఏవేని ఐదు పద్దులను బట్టి గ్రంథాలయములో ఆ పుటలు తీయుమనుడు. ఐదును దొరకినచో మీ పట్టిక సరియైనది.