బానిసల ఇంగ్లీషులో ఆఫ్రికా భాషల ముద్ర: గల్లా భాష - ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

అమెరికాలోని సౌత్ కరోలినా, జార్జియా రాష్ట్రాల తీరప్రాంతంలోను, సమీప దీవులలోను నివసించే నల్లజాతి ప్రజల భాష గల్లా. వీరి పితరులు ఆఫ్రికా నుండి బానిసలుగా కొనిపోబడినవారు. వీరి మాటను చాలాకాలం పండితులు సైతం వచ్చీరాని ఇంగ్లీషుగా కొట్టిపారేశారు. ఈ తీర్పు న్యాయమైనదేనా? వాక్యపరిచర్య చేసే మనకు ఈ ప్రశ్నతో ఏమి సంబంధం?

1. చారిత్రక నేపథ్యం

ఇక్కడి ప్రధాన పంట వరి. అందుచేత వరిసాగు తెలిసిన సెనగాంబియా, సియెర్రా లియోన్ ప్రాంతాల ప్రజలను, వీరితోపాటు కాంగో, అంగోలాల నుండి అనేకులను తెచ్చారు. 1708 నాటికే సౌత్ కరోలినాలో తెల్లవారికంటె నల్లవారి సంఖ్య ఎక్కువైంది. మలేరియాకు భయపడి యజమానులు వేసవిలో తోటలు విడిచి వెళ్లేవారు. ఒకరి భాష ఒకరికి తెలియని బానిసలు, తాము విన్న కొద్దిపాటి ఇంగ్లీషు మాటలతో తమలో తాము మాట్లాడుకొనవలసి వచ్చింది. వారి పిల్లలకు అదే మాతృభాష అయింది.

2. టర్నర్ పరిశోధన

బ్రిటిష్ పల్లెటూరి మాండలికాలే గల్లాకు మూలమని తొలి పండితులు వాదించారు. అయితే వారికి ఆఫ్రికా భాషలు తెలియవు. నల్లజాతి భాషాశాస్త్రవేత్త లొరెంజో డౌ టర్నర్ (1890-1972) ఆ భాషలను అభ్యసించి, 1930లలో దీవులలో ప్రజల మాటలను రికార్డు చేసి, 1949లో తన గ్రంథం ప్రచురించాడు. బయటివారికి చెప్పే పేరు ఒకటి, ఇంట్లో పిలుచుకొనే పేరు మరొకటి అని ఆయన గమనించాడు. ఆయన సేకరించిన వేలాది ఆఫ్రికా మూలపదాలలో అధికభాగం ఈ ఇంటి పేర్లే.

3. ఆఫ్రికా భాషల ప్రభావం

అ) పదజాలం: వేరుశనగను "గూబర్" అనడం కాంగో భాషలోని "న్గూబా" నుండి వచ్చింది. నువ్వులకు "బెన్నె" అనే పేరు వోలోఫ్, మండింకా భాషలది. తెల్లవానికి "బక్రా" అనే పేరు ఎఫిక్, ఇబిబియో భాషల "మ్బకారా"కు రూపాంతరం.

ఆ) వ్యాకరణం: నేటి ప్రామాణిక ఇంగ్లీషులో "నీవు", "మీరు" రెంటికీ ఒకటే మాట. గల్లాలో అనేకులను ఉద్దేశించి "ఉన్నా" అంటారు. ఇగ్బో భాషలో ఇది "ఉను". అలాగే "వస్తానని చెప్పాడు" వంటి వాక్యాలలో మనం "అని" వాడే పనికి గల్లావారు "సే" అనే మాట వాడతారు. ఇది ఇంగ్లీషు మాటే అయినా, ఘానాలోని ట్వి భాషలో "సె" ఇదే పని చేస్తుంది. తెలుగుతో ఈ పోలిక యాదృచ్ఛికమే.

గల్లా పదాలలో అత్యధికం ఇంగ్లీషువే. వ్యాకరణంలో ఆఫ్రికా పాలు ఎంత అనే విషయమై పండితులలో నేటికీ భేదాభిప్రాయాలున్నాయి. ఆ పాలు అసలే లేదనడం మాత్రం టర్నర్ తరువాత సాధ్యం కాలేదు.

4. ఒక పాట సాక్ష్యం

జార్జియాలో అమీలియా డాలీ అనే స్త్రీ తన పెద్దల వద్ద నేర్చిన పాటను టర్నర్ రికార్డు చేశాడు. అర్థం ఆమెకే తెలియదు. అది మెండే భాషలోని అంత్యక్రియల పాట. 1990లలో పరిశోధకులు సియెర్రా లియోన్‌లోని ఒక గ్రామంలో అదే పాట తెలిసిన స్త్రీని కనుగొన్నారు. 1997లో అమీలియా కుమార్తె మేరీ మోరన్ ఆ గ్రామానికి వెళ్లింది. బానిసత్వం వారి స్వేచ్ఛను దోచుకొన్నది గాని, ఈ పాటను దోచుకొనలేకపోయింది.

ముగింపు

1979లో గల్లా బైబిలు అనువాదం ఆరంభమైనప్పుడు, స్వయంగా గల్లా బిడ్డయైన ఎమరీ క్యాంప్‌బెల్ సైతం అది వేరొక భాషయని ఒప్పుకొనలేదు. తరువాత ఆయనే అనువాద బృందంలో చేరాడు. 2005లో గల్లా క్రొత్త నిబంధన వెలువడింది.

ఒక ప్రజ తన మాటను తానే తప్పుగా ఎంచునట్లు చేయడం బానిసత్వం మిగిల్చిన గాయాలలో ఒకటి. పెంతెకొస్తు దినమున జనులు దేవుని గొప్పకార్యములను ఎవరి భాషలో వారు విన్నారు (అపొ. కా. 2). మన సంఘంలో ఒక సహోదరి తన ఊరి యాసలో ప్రార్థించినప్పుడు ఆమె మాటను దిద్దబోయే ముందు, దాని వెనుకనున్న చరిత్రను ఆలకించుట మన బాధ్యత.