నిత్యవసంత నగరం

చైనా దేశపు నైరుతి భాగంలోని యునాన్ రాష్ట్రానికి కున్‌మింగ్ రాజధాని. ఇది కర్కటరేఖకు చేరువలోనే ఉన్నా ఇక్కడ మండుటెండలు లేవు. సముద్రమట్టానికి సుమారు 1,900 మీటర్ల ఎత్తున, పీఠభూమిపై నెలకొని ఉండడం వల్ల వేసవి చల్లగా ఉంటుంది. ఉత్తరాన ఉన్న పర్వతాలు శీతగాలులను అడ్డగించడం వల్ల చలి తీవ్రత తక్కువ. అందుకే చైనీయులు దీనిని ‘వసంత నగరం’ అంటారు.

నగరానికి ఆగ్నేయ దిశలో షిలిన్ అనే శిలావనం ఉంది. సుమారు 27 కోట్ల సంవత్సరాల క్రితం ఇది సముద్రగర్భం. అక్కడ పేరుకొన్న సున్నపురాయి కాలక్రమంలో పైకి లేచింది. వర్షజలం పగుళ్ల వెంట దానిని కరిగించగా, మిగిలిన శిలలు వృక్షాల వలె నిలిచాయి. 2007లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది. ఒక శిలను స్థానిక సాని ప్రజలు తమ గాథలోని ‘అషిమా’ అనే కన్యగా భావిస్తారు.

నగరం చెంతనే, పశ్చిమగిరుల పాదాల వద్ద, దాదాపు 300 చదరపు కిలోమీటర్ల దియాన్‌చి సరస్సు విస్తరించి ఉంది. 1985 నుండి ఏటా శీతకాలంలో సైబీరియా సీగల్ పక్షులు ఈ నగరానికి వలస వస్తున్నాయి. అయితే గత శతాబ్దపు చివరి దశాబ్దాలలో మురుగునీరు, పరిశ్రమల వ్యర్థాలు చేరి సరస్సు జలం నాచుతో పచ్చబారింది. ఎంతో ధనం, శ్రమ వెచ్చించిన పిదప అది క్రమంగా మెరుగుపడుతున్నది. కోట్ల సంవత్సరాలలో ప్రకృతి తీర్చిన శిలలను తిలకించే యాత్రికుడు, కొద్ది దశాబ్దాలలోనే మనిషి కలుషితం చేసిన ఈ సరస్సును కూడా తప్పక దర్శించాలి.