హోసూరుకు కంపెనీలు ఎందుకు వచ్చాయి?

పరిశ్రమలను ఆహ్వానించే ప్రతి రాష్ట్రం తన భూమి, రోడ్లు, కరెంటు, నీరు, రాయితీల గురించి చెబుతుంది. వాటితోపాటు "మా దగ్గర పని నేర్చిన యువత ఉంది" అని కూడా చెబుతుంది. ఆ మాట మన పిల్లల గురించే.

మనవాళ్లు తరతరాలుగా ఉంటున్న హోసూరునే చూడండి. తమిళనాడు ప్రభుత్వం 1971లో సిప్‌కాట్‌ను స్థాపించింది. ఆ సంస్థ హోసూరులో పారిశ్రామికవాడను ఏర్పాటు చేసి కంపెనీలకు స్థలాలిచ్చింది. బెంగళూరు దాదాపు 40 కిలోమీటర్లే, జాతీయ రహదారి ఊరి మీదుగానే వెళ్తుంది. ఈ రెండూ కలిసివచ్చాయి. అశోక్ లేలాండ్, టీవీఎస్ మోటార్ వచ్చాయి. 1984లో టాటాలు, ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి స్థాపించిన టైటాన్ తన వాచీల ఫ్యాక్టరీని ఇక్కడే పెట్టింది.

భూమి, రోడ్డు ప్రభుత్వం ఇవ్వగలదు. చదువు, పనితనం మాత్రం మనమే సంపాదించుకోవాలి. లేకపోతే ఫ్యాక్టరీ మన ఊళ్లో ఉన్నా, మంచి ఉద్యోగం బయటివారికే పోతుంది.

కాబట్టి తల్లిదండ్రులారా, పదవ తరగతితో చదువు ఆపించకండి. అబ్బాయైనా అమ్మాయైనా ఐటీఐలోనో, పాలిటెక్నిక్‌లోనో చేర్పించండి. ఇంట్లో తెలుగు నిలుపుకుంటూ తమిళం, ఇంగ్లీషు కూడా బాగా నేర్పించండి. ఫీజు భారమైతే వెనుకాడకుండా స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయండి.