చేపలు దిగినా పని దిగదు

పూరీ: ఇక్కడి పెంటకోట తీరం తరాల కిందట శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ వాడబలిజల పేట. ఒడియావారు వీరిని నోలియాలంటారు. వేట ముగించిన ఫైబర్ బోట్లు కెరటాలు దాటి నేరుగా ఇసుక మీదికే వస్తాయి. చేపల బుట్టలు దిగగానే బేరగాళ్లంతా అటు తిరుగుతారు. కళాసీలకు మాత్రం బోటు కడిగే పని మిగిలే ఉంటుంది. రాత్రంతా నిద్రలేని ఒళ్లు... వాయిదా వేయాలని ఎవరికుండదు!

ముందు అడుగున బిరడా తీసి నెత్తురు నీళ్లు వదిలేస్తారు. మూలల్లో ఇరుక్కున్న పీతకాళ్లు, చితికిన చిన్న చేపలు ఏరేయాలి. లేదంటే మర్నాటికి కంపు. ఆపై బకెట్లతో సముద్రపు నీళ్లు కొట్టి రుద్దుడే రుద్దుడు. పొలుసు పోతే చాలదు, జిగురు పోవాలి. తెల్లారగట్ల కెరటం ఎదురు కొట్టినప్పుడు నిలబడాల్సింది దానిమీదే. కాలు జారిందా, మనిషి నీళ్లలో ఉంటాడు.

తెప్పల కాలంలో ఈ రుద్దుడు ఇంత లేదు. ఒడ్డుకొచ్చాక కట్లు విప్పి దుంగలు ఆరబెడితే సరిపోయేది. ఇంజిన్ వచ్చాక పని పెరిగింది. లోపల తిరిగిన ఉప్పునీరు అలాగే ఎండితే దారులు పూడి ఇంజిన్ వేడెక్కుతుంది. నడిసంద్రంలో ఆగిపోతే గాలి ఎటు తోస్తే అటే. అందుకే డ్రమ్ములో మంచినీళ్లు పోసి, ఫ్యాను భాగం ముంచి కాసేపు నడుపుతారు. ఆ నీళ్లు ఇళ్ల దగ్గర్నుంచి బిందెలతో మోసుకొచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే. బోటు వాటాల లెక్కలో ఈ మోతకు పైసా లేదు.