అక్షరసరాల కూర్పు

పూలను దారానికి గుచ్చితే దండ అవుతుంది. అక్షరాలను వరుసగా నిలిపితే కంప్యూటర్ పరిభాషలో 'స్ట్రింగ్' అవుతుంది. పేరు, ఊరు, చిరునామా, ఉత్తరం మొదలైనవన్నీ కంప్యూటర్ దృష్టిలో స్ట్రింగులే. వీటిని ఒకదానితో ఒకటి కలపడం ప్రోగ్రాములలో నిత్యం జరిగే పని. సులభంగా కనిపించే ఈ పనిని ఏ పద్ధతిలో చేయాలన్నది ఆలోచించదగిన విషయం.

వ్యాకరణంలో రెండు పదాలు కలిసినప్పుడు సంధికార్యం జరుగుతుంది. 'రాముడు', 'అతడు' కలిస్తే పూర్వపదం చివరి ఉకారం లోపించి 'రాముడతడు' అవుతుంది. కంప్యూటర్ అలా చేయదు. అది అక్షరాలను ఉన్నవి ఉన్నట్లుగా పక్కపక్కన చేరుస్తుంది. అయితే జావా భాషలో మరొక నియమం ఉంది. 1996లో వెలువడిన తొలి రూపం నుంచి నేటి వరకు అందులో ఒకసారి ఏర్పడిన స్ట్రింగ్ ఇక మారదు. దానికి కొత్త మాటను చేర్చాలంటే పాత అక్షరాలన్నింటినీ మరొక చోటికి నకలు చేసి, వాటి చివర కొత్త అక్షరాలను రాయాలి. ఒక్క పువ్వును చేర్చడానికి దండనంతా విప్పి మళ్లీ గుచ్చడం వంటిది ఇది.

పది అక్షరాల మాటలు వెయ్యింటిని కూడిక గుర్తుతో ఒక్కొక్కటిగా కలుపుతూ పోయామనుకుందాం. మొదటిసారి 10, రెండవసారి 20, వెయ్యవసారి 10,000 అక్షరాలు రాయవలసి వస్తుంది. మొత్తం 50,05,000. కావలసిన ఫలితం మాత్రం 10,000 అక్షరాలే! మాటల సంఖ్య రెట్టింపయితే శ్రమ దాదాపు నాలుగింతలవుతుంది. అందువల్లనే పది పేర్ల జాబితాతో పరీక్షించినప్పుడు చురుకుగా నడిచిన ప్రోగ్రామ్, లక్ష పేర్లు రాగానే చతికిలబడుతుంది.

ఈ వ్యర్థశ్రమను నివారించడానికి జావాలో మొదటి నుంచీ 'స్ట్రింగ్ బఫర్' ఉంది. 2004లో వచ్చిన జావా 5లో 'స్ట్రింగ్ బిల్డర్' చేరింది. ఇవి ముందుగానే కొంత ఖాళీ చోటును ఉంచుకొని, కొత్త మాటలను అందులో రాస్తాయి. చోటు చాలనప్పుడు దానిని సుమారు రెట్టింపు చేసుకుంటాయి. కనుక నకలు చేయవలసిన సందర్భాలు తగ్గిపోతాయి. పై ఉదాహరణలో బిల్డర్‌ను వాడితే మొత్తం రాత 40,000 అక్షరాలకు మించదు. ప్రోగ్రామ్‌లోని పలు భాగాలు ఏకకాలంలో ఒకే కూర్పుపై పనిచేసేటప్పుడు బఫర్ రక్షణ కల్పిస్తుంది. ఆ అవసరం లేనిచోట బిల్డర్ తగినది. మాటల మధ్య కామా వంటి గుర్తులు పెట్టి కలపడానికి 2014లో వచ్చిన జావా 8లో 'జాయిన్' అనే సదుపాయం కూడా ఏర్పడింది.

అయితే ప్రతిచోటా బిల్డర్‌ను వాడనక్కరలేదు. రెండు మూడు మాటలను ఒకేసారి కలిపేటప్పుడు కూడిక గుర్తు చాలు. దానికి తగిన ఏర్పాటును జావా కంపైలరే చేస్తుంది. అదే కూడిక వేలసార్లు పునరావృతమయ్యేటప్పుడు మాత్రం పద్ధతి మార్చాలి. పని ఎంత చిన్నదన్నది కాక, అది ఎన్నిసార్లు జరుగుతుందన్నది ముందుగా లెక్కించుకోవడమే ప్రోగ్రామ్ రచనలో వివేకం.