చిత్రలేఖనము – బాలదుఃఖోపశమనము

శోకము శ్లోకమైన వృత్తాంతము మన సాహిత్యవిద్యార్థులకు సుపరిచితము. అయితే ఆ ఘట్టమునందలి ఒక విశేషమును మనము తఱచుగా గమనింపము. జంటను గోల్పోయిన క్రౌంచి శ్లోకము చెప్పలేదు. దాని రోదనము విన్న ముని చెప్పెను. దుఃఖభోక్త యొకరు, కావ్యకర్త వేఱొకరు. దుఃఖము ననుభవించిన ప్రాణియే, అందును తన బాధను మాటలలో చెప్పుకొనుట యింకను నేర్వని శిశువే, కళను చేపట్టినచో నేమగును? కళ ఆ గాయమును మాన్పునా, రేపునా? యుద్ధములవలనను, ఉపద్రవములవలనను, గృహహింసవలనను దెబ్బతిన్న బాలబాలికలకు సామూహికముగా చిత్రలేఖనము, నాటకము, గానము నేర్పు ప్రయత్నములు నేడు పెక్కు దేశములలో సాగుచున్నవి. వాని మూలతత్త్వమును ఒక చారిత్రకోదాహరణము ద్వారా పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఆ ఉదాహరణము ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అను చిత్రకారిణి కృషి. ఆమె 1898లో వియన్నా నగరమున జన్మించెను. యోహానెస్ ఇట్టెన్ అను ఆచార్యుని శిష్యురాలై, ఆయన వెంట 1919లో వైమార్ నగరమందలి బౌహౌస్ కళాశాలకు వెళ్లెను. ఇట్టెన్ బోధనమున శ్వాసకును, అంగచలనమునకును, లయకును ప్రాధాన్యము మెండు. శరీరము లయను గ్రహింపనిదే చేయి రేఖను గ్రహింపదని ఆయన మతము. (ఈ ఇట్టెన్ చిత్రములు 1922 డిసెంబరులో కలకత్తాలో జరిగిన బౌహౌస్ ప్రదర్శనమునందు భారతీయుల కంటబడినవి.) ఫ్రీడల్ వియన్నాకు తిరిగివచ్చి గృహాలంకరణమునందును, వస్త్రశిల్పమునందును పేరు గాంచెను. రాజకీయ కారణములచే 1934లో నిర్బంధింపబడి, విడుదలయైన పిదప ప్రాగ్ నగరము చేరి, అచ్చట శరణార్థుల పిల్లలకు చిత్రలేఖనము నేర్పసాగెను. యూదు జాతీయురాలగుటచే 1942 డిసెంబరులో ఆమెను భర్తతోగూడ తెరెజీన్ నిర్బంధనగరమునకు తరలించిరి.

తెరెజీన్ చెక్ దేశమందలి పూర్వపు కోటపట్టణము. నాజీ ప్రభుత్వము 1941 నవంబరు నుండి దానిని యూదుల నిర్బంధస్థానముగ మార్చెను. ఆకలి, వ్యాధులు, క్రిక్కిఱిసిన నివాసములు, అన్నిటికంటె మిన్నగ ఎప్పుడు ఎవరిని తూర్పుదిక్కునకు పంపుదురో తెలియని భయము అచ్చటి నిత్యజీవితము. పిల్లలకు క్రమబద్ధమైన విద్య నిషిద్ధము. అయినను బాలికలకును బాలురకును వేర్వేఱు వసతిగృహము లేర్పడి, అందు పెద్దలు రహస్యముగ పాఠములు చెప్పుచుండిరి. వెంట గొనిపోనిచ్చిన కొద్ది సామానులో కాగితములకును రంగులకును చోటుచేసికొని వచ్చిన ఫ్రీడల్ ఈ గృహములలో తన తరగతులను నడపెను.

ఆమె బోధనాపద్ధతి గమనింపదగినది. మొట్టమొదట లయాభ్యాసము: గురువు పలికిన లయ ననుసరించి పిల్లలు కాగితముపై రేఖలు గీయవలయును. పిమ్మట కంటి యెదుటనున్న వస్తువును గీయుట. పూర్వచిత్రకారుల చిత్రముల ననుసరించుట. వాడి పాఱవైచిన కార్యాలయపు కాగితములను చించి అతికించి బొమ్మలు కూర్చుట. కథ విని, స్మరించి, స్వేచ్ఛగా చిత్రించుట. పూర్తియైన ప్రతిచిత్రముపై బాలిక తన పేరు వ్రాయవలెను. ఇది స్వల్పవిషయముగ తోచవచ్చును. కాని మనుష్యులను సంఖ్యలుగ లెక్కించి బండ్లకెక్కించు తావున, ఒక పసిచేయి తాను చేసినదానిపై తన పేరు నిలుపుకొనుట స్వల్పము గాదు. లయాభ్యాసము భయముచే బిగిసిన దేహమును సడలించును; వస్తుచిత్రణము చెదరిన దృష్టిని ఒకచోట నిలుపును; సంతకము కర్తృత్వమును మఱల నిచ్చును. గాయపడిన శిశువునకు ముఖ్యముగ నష్టమగునవి ఈ మూడే: దేహముపై విశ్వాసము, దృష్టియందు స్థైర్యము, తనవలన నేదియో యగునను భావము.

వారేమి చిత్రించిరి? పువ్వులు, సీతాకోకచిలుకలు, విడిచివచ్చిన యిండ్లు, కుటుంబము కూడి భుజించు బల్లలు అధికము. అంతస్తుల మంచములు, రోగులు, అన్నపు వరుసలు కొన్నిట కానవచ్చును. వీనిలో ఏది ఔషధము: బాధను మఱపించు పువ్వా, బాధను చూపు వరుసయా? ఇచ్చట మన పూర్వకవు లిద్దఱు జ్ఞప్తికి వత్తురు. రఘువంశము పదునాల్గవ సర్గమున, చిత్రములతో నిండిన గృహములందు దండకారణ్యపు కష్టములను తలచుకొనుచుండగా, ఆ కష్టములే సీతారాములకు సుఖములైనవని కాళిదాసు చెప్పెను. ఉత్తరరామచరితము ప్రథమాంకమున చిత్రదర్శనము వేఱు ఫలము నిచ్చుచున్నది. శూర్పణఖను చూచి సీత బెదరును. ఇది చిత్రమేగాని నిజము కాదని రాముడు ఊఱడింపవలసివచ్చును. చూడగా చూడగా ఆతని పాతగాయమే మఱల చెమర్చును. కవు లిరువురును సత్యమే పలికిరి. అభయము లభించిన తరువాత స్మృతి సుఖమగును. గాయము పచ్చిగా నుండగా అదే స్మృతి శస్త్రమగును. కావున బాధను చిత్రింపుమని శిశువును నిర్బంధించుట తగదు. చిత్రింపవలదని వారించుటయు తగదు. తెరెజీన్‌లోనే హెల్గా వైస్సోవా అను బాలిక, కన్నదానినే గీయుమన్న తండ్రిమాట ననుసరించి, నిర్బంధజీవితమును యథాతథముగ చిత్రించెను. ఆమె మార్గమామెది, పువ్వులు గీచిన బాలిక మార్గ మామెది. ఎన్నుకొను హక్కు శిశువునకే యుండవలెను.

ఇచ్చట ఒక ఆక్షేపణము కలదు. దానిని దాటవేయుట పరిశోధకధర్మము గాదు. 1944 జూన్ 23న రెడ్ క్రాస్ ప్రతినిధులు తెరెజీన్ సందర్శించినపుడు నాజీలు ఆ నగరమును ముస్తాబుచేసి చూపిరి. హాన్స్ క్రాసా రచించిన ‘బ్రుండిబార్’ అను బాలల గేయనాటకమును గూడ వారియెదుట ఆడించిరి. పిల్లల కూఱటయైన నాటకమే హంతకుల కలంకారమయ్యెను. మఱి కొద్దినెలలకే పిల్లలు పెక్కుమంది ఔష్విట్జు మారణశిబిరమునకు పంపబడిరి. ఫ్రీడల్ 1944 అక్టోబరు 6న బయలుదేఱిన బండిలో పోయి, అచ్చటనే వధింపబడెను. అట్లయినచో ఆ చిత్రపాఠముల ప్రయోజనమేమి? ఎవరిని స్వస్థపఱచినవి?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచుండగా మఱియొక ఘట్టము గుర్తునకు వచ్చును. 1942 జూలై 18న వార్సా నిర్బంధవాటికలో యానుష్ కోర్చాక్ అను వైద్యుడు తన అనాథాశ్రమపు పిల్లలచే రవీంద్రనాథ ఠాగూరు ‘డాక్‌ఘర్’ నాటకము నాడించెను. గదిదాటి పోరాని రోగియైన అమల్ అను బాలుడు, కిటికీకడ కూర్చుండి, రాజుగారి జాబుకై నిరీక్షించు కథ యది. మూడు వారములు గడువకముందే ఆ పిల్లలను ట్రెబ్లింకాకు తరలించిరి. కోర్చాక్ వారిని విడువక వెంటనే పోయెను. ఆ నాటకము వారిని రక్షింపలేదు. కాని వారి కాలమును వారికిచ్చెను. మృత్యువు రేపు వచ్చునను కారణముచే నేటి సాయంకాలమును గూడ మృత్యువునకే యొప్పగింపనక్కఱలేదని వారు తెలిసికొనిరి. స్వస్థత యన పూర్వస్థితికి మఱలుట యని మాత్రమే యెంచినచో తెరెజీన్ పాఠములు విఫలములు. స్వస్థత యన ‘స్వ’యందు నిలుచుట యను వ్యుత్పత్తిని గైకొనినచో అవి సఫలములు.

ఫ్రీడల్ తరలుటకు ముందు సుమారు 4,500 చిత్రములను రెండు పెట్టెలలో భద్రపఱచెను. బాలికాగృహాధ్యక్షుడైన విల్లీ గ్రోయాగ్ యుద్ధానంతరము 1945లో వానిని ప్రాగ్‌లోని యూదు సమాజమున కప్పగించెను. నేడవి ఆ నగరపు యూదు మ్యూజియమునం దున్నవి. గీచినవారిలో అధికసంఖ్యాకులు లేరు, పేర్లున్నవి.

ఆమె బోధనాసంప్రదాయమును పిమ్మటి కాలమునకు అందించిన వ్యక్తి ఎడిత్ క్రామర్ (1916–2014). ప్రాగ్‌లో ఫ్రీడల్‌కు శిష్యురాలును సహాయకురాలునైన ఈమె 1938లో అమెరికాకు వలసపోయి, న్యూయార్కు ప్రాంతమందలి విల్ట్‌విక్ బాలుర విద్యాలయమున, దౌష్ట్యమునకు గుఱియై తామును దౌష్ట్యమునకు దిగిన పిల్లలకు చిత్రలేఖనము నేర్పెను. ఆ యనుభవమే 1958లో ఆమె ప్రకటించిన గ్రంథమున కాధారము. కోపము, భయము మొదలగు వేగములు రూపము పొందినపుడు ఉదాత్తీకరణము చెందునని ఆమె సిద్ధాంతము. మనవారి సాధారణీకరణమునకు ఇది దగ్గఱగా తోచినను ఒక భేదము కలదు. సాధారణీకరణము సహృదయునియందు జరుగును. ఉదాత్తీకరణము కర్తయందే జరుగును. వేగమును వెడలగ్రక్కినంతమాత్రమున కళ గాదు, ఉపశమనమును గాదు. దానికి రూపము కుదురవలెను. గురువు బాలుని చేతికి ‘మూడవ చేయి’గా నుండవలెనని క్రామర్ చెప్పెను. అనగా, బాలుని యూహను తన యూహచే చెఱుపక, అది రూపొందుటకు వలసిన సాయము మాత్రమే చేయవలెను.

ఇట్టి కార్యక్రమములు నడపదలచు ఉపాధ్యాయులకు దీనినుండి కొన్ని నియమములు సిద్ధించును. చిత్రమును రోగనిర్ణయపత్రముగ చదువరాదు. బాలుడు నల్లరంగు వాడెనన్న విషాదమగ్నుడని తీర్మానింపరాదు, పెట్టెలో మిగిలినది యదియే కావచ్చును. దాతల కొఱకును, అధికారుల కొఱకును పిల్లల దుఃఖమును ప్రదర్శనమునకు పెట్టరాదు. బ్రుండిబార్ ఉదంతము మనకు హెచ్చరిక. తరగతి ఒకనాటి యుత్సవముగాక, నియతదినమున, నియతస్థలమున సాగవలెను. చెదరిన జీవితమునకు క్రమమే తొలి యోషధి. తీవ్రమైన మానసికవ్యాధికి వైద్యుని చికిత్స వేఱుగ నుండవలెను. కళాకార్యక్రమముల ఫలితములను కొలిచిన పరిశోధనలు ఇంకను చాలవఱకు చిన్నవి. కావున ‘కళ సర్వరోగనివారిణి’ యను ప్రచారము తగదు.

1977 నవంబరు 19 నాటి దివిసీమ యుప్పెన వంటి యుపద్రవములు మన ప్రాంతమునకు క్రొత్తవి గావు. అట్టి సమయములందు అన్నవస్త్రముల తరువాత పాఠశాల తెఱచుకొనును. అందొక యుపాధ్యాయుడు మాటరాని పిల్లల యెదుట నిలుచును. ఆతడు ముని కానక్కఱలేదు. క్రౌంచి పక్షమున శ్లోకము తానే చెప్పనక్కఱలేదు. ఒక కాగితము, ఒక రంగు, కొంత యోపిక యిచ్చి, చివరకు ‘దీనిపై నీ పేరు వ్రాయుము’ అనిన చాలును.